ఫ్రెంచి ఇండియా సరిహద్దులు

ఫ్రెంచి ఇండియా సరిహద్దులు అనగా భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలను వాటి చుట్టూ ఉన్న బ్రిటిషు ఇండియా నుండి, 1947 తరువాత స్వతంత్ర భారతదేశం నుండి వేరుచేసిన పొలిమేరలు. 1816-17లో స్థిరపడిన ఈ సరిహద్దులు 1954 వరకు కొనసాగాయి. పాండిచ్చేరి (నేటి పుదుచ్చేరి), కారైకాల్, యానాం, మాహే, చందర్‌నగర్ అనే ఐదు స్థావరాల చుట్టూ ఇవి ఉండేవి. వీటిలో యానాం తెలుగు ప్రాంతం.

ఈ పొలిమేరలకు రెండు వైపులా ఉన్న ప్రజలది ఒకే భాష, ఒకే ఆచారం. చాలామందికి అవతలి వైపు బంధువులు, పొలాలు, అప్పులు, బాకీలు ఉండేవి. గీతకు రెండు పక్కలా తేడాగా ఉన్నవి చట్టాలు, పన్నులు, ధరలు మాత్రమే. రెండు సామ్రాజ్యాలు తమ అధికారానికి హద్దుగా ఏర్పరచుకొన్న ఈ గీతను అక్కడివారు తమ అవసరాలకు అనుగుణంగా వాడుకొన్నారు. స్వాతంత్ర్య యోధులకు ఆశ్రయం దొరికింది ఈ సరిహద్దు వల్లనే. చట్టం నిషేధించిన బాల్యవివాహాలు జరిగినదీ, వేలాది కూలీలు తమ ప్రభుత్వాల కన్నుగప్పి సముద్రాలు దాటినదీ కూడా దీనివల్లనే.

సరిహద్దులు ఏర్పడిన విధం

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1664లో ఏర్పడింది. పాండిచ్చేరిలో 1674 నాటికి ఫ్రెంచివారు స్థిరపడ్డారు. పిదప చందర్‌నగర్, మాహే, యానాం, కారైకాల్ వారి చేతికి వచ్చాయి. యానాంలో 1723లో వర్తక స్థావరం నెలకొల్పి, వ్యాపారం సాగక 1727లో విడిచిపెట్టారు. 1731లో దానిని తిరిగి తెరిచారు.

18వ శతాబ్దం మధ్యకాలంలో ఫ్రెంచివారి అధికారం ఈ చిన్న స్థావరాలకే పరిమితమై లేదు. 1753లో నిజాము నుండి ఉత్తర సర్కారులు బుస్సీకి సంక్రమించాయి. అప్పుడు గోదావరి, కృష్ణా తీరాలలో ఫ్రెంచివారి పలుకుబడికి ఎదురు లేదు. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు సైన్యం చేతిలో వారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా బ్రిటిషువారి వశమైంది. 1763 నాటి పారిస్ సంధి ప్రకారం ఫ్రెంచివారికి తిరిగి దక్కినవి వర్తక స్థావరాలు మాత్రమే.

ఆ తరువాతి అర్ధశతాబ్దంలో ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా బ్రిటిషువారు ఈ స్థావరాలను పట్టుకొనేవారు, సంధి కుదిరినప్పుడు తిరిగి ఇచ్చేవారు. నెపోలియన్ పతనానంతరం కుదిరిన 1814 నాటి ఒప్పందం ప్రకారం 1816-17లో ఐదు స్థావరాలూ చివరిసారిగా ఫ్రాన్సుకు అప్పగింపబడ్డాయి. అయితే కోటలు కట్టరాదని, శాంతిభద్రతలకు అవసరమైన మేరకు తప్ప సైన్యం ఉంచరాదని షరతు విధించారు. కావున ఈ సరిహద్దును ఫ్రెంచివారు ఆయుధబలంతో కాపాడుకొనే అవకాశం లేదు. రెండు ప్రభుత్వాల మధ్య ఒడంబడికలే దానిని నిలబెట్టాయి.

సరిహద్దు స్వరూపం

నాలుగు తీరప్రాంత స్థావరాలను కలిపి చూసినా విస్తీర్ణం సుమారు 500 చదరపు కిలోమీటర్లే. వాటిలో ఒకదానికి మరొకదానితో భూమార్గాన కలయిక లేదు. యానాం నుండి పాండిచ్చేరికి రోడ్డు మార్గాన సుమారు 800 కి.మీ. దూరం. ఆ దారి అంతా బ్రిటిషు భూభాగమే.

* పాండిచ్చేరి: ఇది ఒకే ముక్కగా ఉన్న ప్రాంతం కాదు. దక్షిణ ఆర్కాటు జిల్లా గ్రామాల మధ్య విడివిడిగా పడి ఉన్న పదికి పైగా ముక్కల సముదాయం. ఒక ఫ్రెంచి గ్రామం నుండి మరొక ఫ్రెంచి గ్రామానికి వెళ్ళవలెనన్నా నడుమ బ్రిటిషు గ్రామాన్ని దాటవలసి వచ్చేది.
* కారైకాల్: తంజావూరు ప్రాంతంలో కావేరి డెల్టాలో ఉన్నది. ఇక్కడి వరిపొలాలకు నీరు ఎగువన ఉన్న బ్రిటిషు భూభాగం నుండి రావలసి ఉండేది.
* యానాం: గౌతమీ గోదావరి, కోరంగి నది కలిసే చోట ఉన్నది. కాకినాడకు సుమారు 30 కి.మీ. దూరం. పక్కనే ఉన్న నీలపల్లి, ఇంజరంలలో ఆంగ్లేయుల వర్తక స్థావరాలు ఉండేవి. గోదావరికి ఆవల ఎదుర్లంక, కోనసీమ.
* మాహే: మలబారు తీరాన సుమారు 9 చ.కి.మీ. విస్తీర్ణం గల చిన్న పట్టణం. పట్టణం పక్కన పారే మయ్యళి నది దాటితే బ్రిటిషు మలబారు.
* చందర్‌నగర్: కలకత్తాకు ఉత్తరాన సుమారు 35 కి.మీ. దూరంలో హుగ్లీ ఒడ్డున ఉన్న పట్టణం. ఇది కూడా సుమారు 9 చ.కి.మీ. మాత్రమే.

ఇవి గాక మచిలీపట్నం, కోళిక్కోడు, సూరత్ మున్నగు చోట్ల 'లోజ్'లు అనబడే చిన్న చిన్న స్థలాలు కూడా ఫ్రాన్సు పేరిట ఉండేవి. మచిలీపట్నంలోని పరాసుపేట ఇటువంటిదే. తెలుగులో ఫ్రెంచివారిని పరాసులు అనేవారు. ఆ మాట నుండే ఈ పేరు వచ్చింది.

ఒడంబడికలు: ఉప్పు, నల్లమందు, నేరస్థులు

ఇంత చిన్న స్థావరాల సరిహద్దు కూడా బ్రిటిషు కంపెనీకి తలనొప్పిగా ఉండడానికి ముఖ్య కారణం ఉప్పు. ఉప్పు అమ్మకం మీద గుత్తాధికారం కంపెనీ ఆదాయంలో పెద్ద భాగం. పాండిచ్చేరి, కారైకాల్, యానాం మూడింటిలోనూ ఉప్పు పండించే అవకాశం ఉన్నది. అక్కడ పండిన ఉప్పు పొలిమేర దాటి బయటికి వస్తే గుత్తాధికారం దెబ్బతింటుంది.

అందువల్ల 1815లో రెండు ప్రభుత్వాలు ఒక ఒడంబడిక చేసికొన్నాయి. స్థానిక వాడకానికి పోను మిగిలిన ఉప్పును కొనే హక్కు పూర్తిగా బ్రిటిషువారిది. ప్రతిఫలంగా వారు ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచి ప్రభుత్వానికి చెల్లించాలి. కలకత్తా వేలంలోని సగటు ధరకు ఏటా 300 పెట్టెల వరకు నల్లమందు కొనుక్కొనే అవకాశం కూడా ఫ్రెంచివారికి దక్కింది. 1818లో మరొక ఒడంబడిక ద్వారా ఫ్రెంచి ప్రాంతాలలో ఉప్పు తయారీని ఆపివేశారు. ఉప్పుమళ్ళ యజమానులకు నష్టపరిహారంగా ఏటా 4,000 వరహాలు ఇవ్వడానికి అంగీకారం కుదిరింది. స్థానిక అవసరాలకు కావలసిన ఉప్పును బ్రిటిషువారే సరఫరా చేయసాగారు. ఈ విధంగా సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళకు ఉప్పు బయటినుండి వచ్చే పరిస్థితి ఏర్పడింది. ఉప్పుమళ్ళలో పనిచేసి బ్రతికినవారి జీవనం రాజధానులలో కుదిరిన ఒప్పందంతో మారిపోయింది.

1815 ఒడంబడికలో నేరస్థుల అప్పగింత గురించి కూడా ఉన్నది. ఒక వైపు నేరం చేసి గాని, అప్పు ఎగవేసి గాని రెండవ వైపు తలదాచుకొన్నవారిని అప్పగించవలెనని నియమం. అప్పు ప్రస్తావన రావడాన్ని బట్టి బాకీదారులు పొలిమేర దాటడం ప్రభుత్వాల దృష్టికి వచ్చిన విషయమే అని తెలుస్తుంది. అయితే రాజకీయ కారణాలతో వచ్చినవారిని అప్పగించడానికి ఫ్రెంచి ప్రభుత్వం సాధారణంగా ఒప్పుకొనేది కాదు. తరువాతి కాలంలో ఈ భేదమే అనేకమంది దేశభక్తులకు రక్షణ కల్పించింది.

ప్రజల వ్యక్తిగత చట్టం విషయంలో ఫ్రెంచివారు 1819 నాటి ఆజ్ఞతో స్థానిక ఆచారాలను గౌరవిస్తామని ప్రకటించారు. హిందువులు, ముస్లిములు వివాహం, వారసత్వం వంటి విషయాలలో తమ కులాచారం, మతాచారం ప్రకారం నడచుకొనే వీలు ఉండేది. ఈ ఆజ్ఞ ప్రభావం నూరేళ్ళ పిదప యానాంలో స్పష్టంగా కనిపించింది.

సరిహద్దు వర్తకం

పాండిచ్చేరి రేవులో విదేశీ సరుకుపై సుంకం బహు స్వల్పం. బ్రిటిషు ఇండియాలో సుంకం ఎక్కువ. కనుక రేవులో దిగిన సరుకు పొలిమేర దాటగానే దాని విలువ పెరిగేది. దాటే మార్గాలలో బ్రిటిషువారు సుంకపు చౌకీలు పెట్టారు. 1879లో పాండిచ్చేరికి విళుప్పురం నుండి రైలుమార్గం వచ్చిన తరువాత రైలు ప్రయాణికులనూ సోదా చేసేవారు. కాని చౌకీలు రోడ్ల మీదనే ఉండేవి. పొలాల గట్లకు, వాగులకు, పడవలకు చౌకీలు లేవు. సరుకును చిన్న చిన్న మూటలుగా కట్టి తలమీద పెట్టుకొని గట్లవెంట నడిచిపోవడం అక్కడివారికి తెలిసిన దారి.

వర్తకమంతా దొంగరవాణా కాదు. దక్షిణ ఆర్కాటు రైతులు పండించిన వేరుసెనగ 19వ శతాబ్దం చివరి భాగంలో పాండిచ్చేరి రేవు ద్వారా ఫ్రాన్సులోని మార్సెయ్ నగరపు నూనె మిల్లులకు పెద్దయెత్తున ఎగుమతి అయ్యేది. పాండిచ్చేరిలో నీలిమందు అద్దిన 'గినీ' బట్ట ఆఫ్రికాలోని సెనెగల్‌కు పోయేది. ఈ సరుకులు పండించిన, నేసిన చేతులలో చాలా భాగం బ్రిటిషు భూభాగంలోనివి.

యానాంలో మంగళవారం నాడు జరిగే సంత ఈ సరిహద్దు వర్తకానికి మంచి ఉదాహరణ. చుట్టుపక్కల బ్రిటిషు గ్రామాల తెలుగువారు విదేశీ సరుకుల కోసం ఈ సంతకు వచ్చేవారు. కొన్నవాటిలో కొంత ఇంటికి, కొంత తిరిగి అమ్మకానికి పోయేది.

మద్యం విషయంలోనూ తేడా ఉండేది. ఫ్రెంచి ప్రాంతాలలో సారాయి, కల్లు, విదేశీ మద్యం చౌకగా దొరికేవి. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. దానితో పాండిచ్చేరి, కారైకాల్, యానాం, మాహేలకు వచ్చే బయటివారి సంఖ్య పెరిగింది.

కూలీల వలస

సరిహద్దు వల్ల లాభపడినవారిలో కూలీలను సమీకరించే మేస్త్రీలు ఒకరు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ (అప్పటి బూర్బోన్) దీవిలో ఫ్రెంచివారి చెరకుతోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1828లో యానాం నుండి ఒక చిన్న బృందం తెలుగు కూలీలు ఆ దీవికి చేరారు. భారతదేశం నుండి అక్కడికి ఒప్పందంపై వెళ్ళిన తొలి కూలీలుగా వీరిని పేర్కొంటారు.

1848లో ఫ్రెంచి వలసలలో బానిసత్వం రద్దయిన తరువాత కూలీల గిరాకీ ఎన్నో రెట్లు పెరిగింది. ఫ్రెంచి ఇండియా మొత్తం జనాభా మూడు లక్షల లోపే. ఇంత చిన్న ప్రాంతం అంతమందిని పంపజాలదు. కావున ఓడ ఎక్కినవారిలో అధికులు తంజావూరు, దక్షిణ ఆర్కాటు, గోదావరి ప్రాంతాల బ్రిటిషు ప్రజలే. మేస్త్రీలు వారిని పొలిమేర దాటించి ఫ్రెంచి రేవులకు చేర్చేవారు. పొలిమేర దాటిన మనిషిపై బ్రిటిషు అధికారికి అధికారం లేదు, అతని బాగోగులు విచారించే బాధ్యతా లేదు. కరవు కాలంలో కొందరికి ఇది ప్రాణం నిలుపుకొనే దారి అయింది. మోసపోయి ఓడ ఎక్కినవారూ ఉన్నారు.

ఈ పరిస్థితిని క్రమబద్ధం చేయడానికి 1860లో రీయూనియన్ విషయమై, 1861లో మార్టినీక్, గ్వాడెలూప్, ఫ్రెంచి గయానాల విషయమై రెండు ప్రభుత్వాలు ఒడంబడికలు చేసికొన్నాయి. ఫ్రెంచి రేవులలో బ్రిటిషు ప్రతినిధి కూలీలను పరిశీలించే ఏర్పాటు జరిగింది. తోటలలో కూలీల దుస్థితిపై ఫిర్యాదులు రావడంతో బ్రిటిషు ప్రభుత్వం 1882లో రీయూనియన్‌కు, 1888లో గ్వాడెలూప్‌కు వలసను ఆపివేసింది. అప్పటికి రీయూనియన్‌కు లక్షకు పైగా, గ్వాడెలూప్‌కు సుమారు 42 వేలమంది, మార్టినీక్‌కు సుమారు 25 వేలమంది భారతీయులు వెళ్ళారు. రీయూనియన్‌లో దక్షిణ భారత సంతతివారిని నేటికీ 'మలబార్లు' అని పిలుస్తారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారి సంతతి కూడా ఉన్నది.

యానాం - కళ్యాణపురం

తెలుగువారికి ఈ సరిహద్దుతో గల సంబంధంలో అతి ముఖ్యమైనది బాల్యవివాహాల ఘట్టం. హరవిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలులోకి వచ్చింది. దీనినే శారదా చట్టం అంటారు. దీని ప్రకారం ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 సంవత్సరాలు నిండకుండా వివాహం చేయడం శిక్షార్హం.

ఈ చట్టం ఫ్రెంచి భూభాగానికి వర్తించదు. ఈడు రాకముందే ఆడపిల్లకు పెళ్ళి చేయడం ధర్మమని నమ్మిన కుటుంబాలు గోదావరి జిల్లాల నుండి, ఇతర ప్రాంతాల నుండి పెళ్ళివారితో, పురోహితులతో యానాం వచ్చి వివాహాలు జరిపి తిరిగి వెళ్ళేవి. ఈ కారణంగా యానాంకు కళ్యాణపురం అనే పేరు వచ్చింది. 1938లో శారదా చట్టాన్ని సవరించి, జరగబోయే బాల్యవివాహాన్ని ముందుగానే ఆపుతూ నిషేధాజ్ఞ ఇచ్చే అధికారం న్యాయస్థానాలకు కల్పించారు. బ్రిటిషు న్యాయస్థానపు ఆజ్ఞను యానాం వీధులలో అమలు జరిపే అధికారి మాత్రం ఎవరూ లేరు.

యానాంకు కొద్ది దూరంలోనే ఉన్న రాజమహేంద్రవరం కందుకూరి వీరేశలింగం సంఘసంస్కరణ ఉద్యమానికి కేంద్రం. ఆయన 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించినది ఆ ఊరిలోనే. బాల్యవివాహాల ఫలితంగా చిన్నవయసులోనే వితంతువులైన బాలికల దుస్థితి ఆ ఉద్యమానికి మూలం. అర్ధశతాబ్దం తరువాత సంస్కర్తలు కోరిన చట్టం వచ్చినప్పుడు, దానిని తప్పించుకొనే దారి అదే గోదావరి ఒడ్డున తెరిచి ఉన్నది. పందిట్లో కూర్చున్న బాలికకు ఈ సరిహద్దు వల్ల చట్టం ఇచ్చిన రక్షణ దక్కలేదు. సరిహద్దును వాడుకొన్నవారు పెద్దలు, దాని ఫలితాన్ని అనుభవించినవారు పిల్లలు.

రాజకీయ ఆశ్రయం

పాండిచ్చేరి

1908లో మద్రాసు నుండి వెలువడే 'ఇండియా' పత్రికపై రాజద్రోహ నేరం మోపి, దాని సంపాదకుడిగా నమోదైన వ్యక్తిని బ్రిటిషు ప్రభుత్వం నిర్బంధించింది. పత్రికకు అసలు రచయిత అయిన తమిళకవి సుబ్రహ్మణ్య భారతి అరెస్టు తప్పించుకొని పాండిచ్చేరి చేరాడు. పత్రిక కూడా అక్కడికే తరలింది. సరిహద్దుకు ఆవల అచ్చై ఈవల చదువరులకు చేరసాగింది. బ్రిటిషువారు తమ భూభాగంలోకి దాని రాకను అడ్డుకొనడంతో 1910లో నిలిచిపోయింది. భారతి మాత్రం పదేళ్ళు అక్కడే ఉన్నాడు. 'పాంచాలి శపథం' ఈ ప్రవాస కాలంలోనే వెలువడింది.

1910 ఏప్రిల్ 4న అరవింద ఘోష్ చందర్‌నగర్ మీదుగా ఓడలో పాండిచ్చేరి వచ్చాడు. అదే సంవత్సరం వి.వి.ఎస్. అయ్యర్ ఐరోపా నుండి వచ్చి చేరాడు. 1911 జూన్ 17న మణియాచ్చి రైలుస్టేషనులో తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను వాంచినాథన్ కాల్చి చంపిన పిదప ఈ ప్రవాసులపై బ్రిటిషువారి అనుమానం తీవ్రమైంది. పాండిచ్చేరిలో గూఢచారులను ఉంచారు. బయటినుండి వచ్చి నివసించేవారు స్థానిక ప్రముఖుల హామీపత్రాలు చూపవలెనని ఫ్రెంచి ప్రభుత్వం నిబంధన విధించింది. స్థానికులు హామీ ఇవ్వడానికి ముందుకు రావడంతో ప్రవాసులు అక్కడే ఉండగలిగారు. సరిహద్దు కల్పించిన చట్టపరమైన రక్షణ అమలులోకి వచ్చినది ఆ ఊరివారి సహకారం వల్లనే అని దీనిని బట్టి గ్రహించవచ్చు.

1918 నవంబరులో భారతి పాండిచ్చేరి విడిచి బ్రిటిషు భూభాగంలో అడుగుపెట్టగానే కడలూరు వద్ద నిర్బంధింపబడ్డాడు. కొన్ని వారాల తరువాత విడుదలయ్యాడు. అరవిందుడు 1950లో మరణించేవరకు పాండిచ్చేరిలోనే ఉన్నాడు.

చందర్‌నగర్

బ్రిటిషు ఇండియాలో 1878 నాటి ఆయుధ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆయుధాలు ఉంచుకొనడం నేరం. చందర్‌నగర్‌లో ఆ చట్టం లేదు. ఈ సౌలభ్యాన్ని బెంగాల్ విప్లవకారులు వాడుకొన్నారు. ఆయుధాల దిగుమతిని అరికట్టడానికి పూనుకొన్న చందర్‌నగర్ మేయరు తార్దివెల్‌పై 1908 ఏప్రిల్‌లో బాంబు దాడి జరిగింది. కన్నయ్‌లాల్ దత్తా చందర్‌నగర్‌లో జన్మించినవాడు. రాస్ బిహారీ బోస్ బాల్యం, చదువు ఆ ఊరితో ముడిపడినవి.

చిట్టగాంగ్ ఆయుధాగార దాడిలో పాల్గొన్న గణేశ్ ఘోష్, లోక్‌నాథ్ బల్ మున్నగువారు 1930లో చందర్‌నగర్‌లోని ఒక ఇంట తలదాచుకొన్నారు. సెప్టెంబరు 1న కలకత్తా పోలీసు కమిషనరు టెగార్ట్ తన బలగంతో ఆ ఇంటిపై దాడి చేశాడు. కాల్పులలో జీవన్ ఘోషాల్ అనే యువకుడు మరణించగా తక్కినవారు పట్టుబడ్డారు. బలవంతుడైన పొరుగువాడు గౌరవించినంత వరకే ఇటువంటి సరిహద్దు రక్షణ ఇవ్వగలదని ఈ సంఘటన తెలియజేసింది.

పౌరసత్వం, ఓటు హక్కు

సరిహద్దుకు ఫ్రెంచి వైపున ఉన్నవారికి మరొక సాధనం పౌరసత్వం. 1871 నుండి ఫ్రెంచి ఇండియా తన ప్రతినిధిని పారిస్ శాసనసభకు ఎన్నుకొనేది. వయోజన పురుషులకు ఓటు ఉండేది. ఆ కాలంలో బ్రిటిషు ఇండియాలో ఇటువంటి హక్కు లేదు. అయితే ఈ ఎన్నికలు దౌర్జన్యాలకు, దొంగ ఓట్లకు పేరుపొందాయి. 1884 నుండి ఓటర్లను మూడు జాబితాలుగా విభజించినందున ఐరోపావారికి వారి సంఖ్యకు మించిన బలం ఉండేది.

1881 సెప్టెంబరు 21 నాటి ఆజ్ఞ ప్రకారం స్థానికులు తమ కులమతాచారాలపై ఆధారపడిన వ్యక్తిగత చట్టాన్ని వదలుకొని ఫ్రెంచి పౌరచట్టం కిందికి రావచ్చు. ఇటువంటివారు ఇంటిపేరు ఒకటి స్వీకరించవలసి ఉండేది. ఈ ఉద్యమానికి ముందు నిలిచిన న్యాయవాది పొన్నుతంబి పిళ్ళై. 1873లో బూట్లు ధరించి న్యాయస్థానానికి వచ్చినందుకు ఆయనకు శిక్ష పడగా, ఫ్రాన్సులోని అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళి గెలిచాడు. తరువాత 'లాపోర్త్' అనే ఇంటిపేరు స్వీకరించాడు. ఇటువంటివారిలో అనేకులు ఇండోచైనా (నేటి వియత్నాం పరిసరాలు) వెళ్ళి గుమాస్తాలుగా, పోలీసులుగా, పన్ను వసూలు ఉద్యోగులుగా స్థిరపడ్డారు. కులవ్యవస్థలో కింది స్థాయిలో ఉంచబడినవారికి ఇది పైకి ఎదిగే దారి అయింది.

సుంకాల ఒప్పందం, దిగ్బంధం, విలీనం

రెండవ ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి ఇండియా 1940లో ద గోల్ పక్షాన చేరింది. 1941లో బ్రిటిషు ఇండియాతో సుంకాల ఒప్పందం కుదిరి, భూసరిహద్దులో తనిఖీలు తొలగిపోయాయి. భారత స్వాతంత్ర్యం తరువాత 1947 అక్టోబరులో 'లోజ్'లను ఫ్రాన్సు భారతదేశానికి అప్పగించింది. 1948 జూన్‌లో తక్కిన ప్రాంతాల భవిష్యత్తును ప్రజలే నిర్ణయించుకోవాలని రెండు దేశాలు అంగీకరించాయి.

1949 జూన్‌లో చందర్‌నగర్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో విలీనానికి అనుకూలంగా 7,473 ఓట్లు, వ్యతిరేకంగా 114 ఓట్లు వచ్చాయి. 1950 మే 2న పరిపాలన భారతదేశానికి బదిలీ అయింది. 1954లో ఈ పట్టణం పశ్చిమ బెంగాల్‌లో కలిసింది.

సుంకాల ఒప్పందం 1949లో ముగిసింది. చౌకీలు మళ్ళీ వచ్చాయి. బంగారం, గడియారాలు, విదేశీ మద్యం వంటివి ఫ్రెంచి రేవులలో దిగి రహస్యంగా భారతదేశంలోకి రాసాగాయి. భారత ప్రభుత్వం తనిఖీలను కఠినం చేసింది. తరువాత రాకపోకలకు అనుమతి పత్రాలు తప్పనిసరి అయ్యాయి. తరతరాలుగా పొలిమేర దాటి పొలానికి, సంతకు, చుట్టాల ఇంటికి వెళ్ళినవారు ఇప్పుడు కాగితం చూపవలసి వచ్చింది. పాండిచ్చేరి గ్రామాలు ముక్కలుగా ఉన్నందున ఈ ఇబ్బంది అక్కడ ఎక్కువగా ఉండేది. 1954లో భారత ప్రభుత్వం ఆంక్షలను మరింత బిగించడంతో దైనందిన జీవనం కష్టమైంది.

ఈ దశలో సరిహద్దును వాడుకొనే దిశ తారుమారైంది. పూర్వం బ్రిటిషు నిర్బంధం తప్పించుకొనడానికి ఫ్రెంచి ప్రాంతానికి పారిపోయేవారు. ఇప్పుడు విలీనం కోరే నాయకులు ఫ్రెంచి పోలీసుల నుండి తప్పించుకొని భారత భూభాగంలో తలదాచుకొని, అక్కడినుండి ఉద్యమం నడిపారు. 1954 మార్చి చివరిలో ఎడ్వర్డ్ గుబేర్ నాయకత్వంలో నెట్టపాక్కం మున్నగు గ్రామాలు విలీనం ప్రకటించాయి. యానాంలో దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన అంతమైంది. మాహేలో ఐ.కె. కుమారన్ నాయకత్వాన సాగిన ఉద్యమం జూలై 16న ఫలించింది.

1954 అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న నాలుగు ప్రాంతాల పరిపాలన భారతదేశానికి సంక్రమించింది. 1956 మే 28న సంధిపత్రంపై సంతకాలు జరిగాయి. ఫ్రెంచి శాసనసభ ఆమోదం తరువాత 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం పూర్తయింది. ఫ్రెంచి పౌరసత్వం కోరుకొనడానికి ఆరు నెలల గడువు ఇవ్వగా, సుమారు ఐదు వేలమంది దానిని ఎంచుకొన్నారు.

నేటి స్థితి

1963 జూలై 1న పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం కలిసి కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడ్డాయి. 2006లో దాని పేరు పుదుచ్చేరిగా మారింది. పూర్వపు సామ్రాజ్యాల సరిహద్దు ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దుగా మిగిలింది. పుదుచ్చేరి పటంలో గ్రామాలు నేటికీ ముక్కలుగానే కనిపిస్తాయి. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలు ఉన్నాయి.

చట్టాలలో, పన్నులలో తేడా ఉన్నంతకాలం ఈ పొలిమేరను వాడుకొనడమూ సాగింది. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలుచేసినప్పుడు యానాంకు అది వర్తించలేదు. 1997లో నిషేధం సడలించేవరకు గోదావరి జిల్లాల మద్యప్రియులకు యానాం గమ్యస్థానం అయింది. అరవై ఏళ్ళ కిందట పెళ్ళివారు వచ్చిన దారినే వీరూ వచ్చారు.

పుదుచ్చేరిలో ఫ్రెంచి పౌరసత్వం గల కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వారు ఫ్రాన్సు ఎన్నికలలో ఓటు వేస్తారు, ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవారు పింఛను పొందుతారు. మాహే జీవనాన్ని, విలీనం నాటి సంఘర్షణను ఎం. ముకుందన్ తన మలయాళ నవల 'మయ్యళిప్పుళయుడె తీరంగళిల్'లో (1974) చిత్రించాడు.

ఇవి కూడా చూడండి

* యానాం
* పుదుచ్చేరి
* చందుర్తి యుద్ధం
* ఉత్తర సర్కారులు
* శారదా చట్టం
* సుబ్రహ్మణ్య భారతి
* కందుకూరి వీరేశలింగం